సగమే తెలుసని తెలియాలి

ఉమ్మెత్త మనకు కొత్త మొక్క కాదు. ఊరి బయట పెంటదిబ్బల మీద, రోడ్డు వారన, పాడుబడిన గోడల పక్కన ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. బాకా లాంటి పువ్వు, ఒళ్ళంతా ముళ్ళున్న గుండ్రటి కాయ. వినాయక చవితి నాడు మన ఇంటి మట్టి గణపతికి పెట్టే ఇరవై ఒక్క పత్రిలో దాని ఆకూ ఒకటి. పూజ అయ్యాక పత్రిని నీళ్ళలో కలుపుతామే గానీ నోట్లో పెట్టుకోం. ఆ మాత్రం ఇంగితం పెద్దలు మనకు ఇచ్చే పోయారు.

2020 ఏప్రిల్ ఆరంభంలో ఆ ఇంగితం ఒక ఫోన్ వీడియో ముందు ఓడిపోయింది. లాక్‌డౌన్ కొత్త. బయటికి వెళ్ళాలంటే భయం, ఇంట్లో కూర్చుంటే ఇంకా భయం. చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలం ఆలపల్లిలో రెండు కుటుంబాల వాళ్ళు టిక్‌టాక్‌లో ఒక వీడియో చూశారు. ఉమ్మెత్తకాయ చూడటానికి కరోనా వైరస్ బొమ్మలాగే ఉంటుందట, కాబట్టి దాని గింజలే దానికి విరుగుడట. గింజలు నూరారు, నీళ్ళలో కలిపారు, ఇంటిల్లిపాదీ తాగారు. కొద్దిసేపటికే పది పన్నెండు మంది స్పృహ తప్పే స్థితిలో ఆసుపత్రికి చేరారు. సమయానికి తీసుకెళ్ళారు గనుక బతికి బయటపడ్డారు.

ఈ వార్త చదివి ఆ రోజు చాలామంది నవ్వారు. పల్లెటూరి అమాయకులని తేల్చేశారు. నవ్వే ముందు వాళ్ళ ఆలోచనను ఒక్కసారి విప్పి చూడండి. వైరస్ చుట్టూ ముళ్ళలాంటి కొమ్ములు ఉంటాయి, అది నిజం. ఉమ్మెత్త వైద్యంలో వాడే మొక్క, అదీ నిజమే. ఆయుర్వేదంలో దాన్ని శుద్ధి చేసి, కొలిచి వాడతారు. అంటే ఆలపల్లి వాళ్ళ చేతిలో ఉన్నది పచ్చి అబద్ధం కాదు. రెండు సగం నిజాలు. ఆ రెంటినీ కలిపితే ఒక విషపు గ్లాసు తయారైంది.

అబద్ధాన్ని పట్టుకోవడం అంత కష్టం కాదు. సగం నిజమే మనల్ని బోల్తా కొట్టిస్తుంది. దాని మొహం మనకు తెలిసిన మొహంలాగే ఉంటుంది మరి. ఈ హెచ్చరిక రాయడానికి కారణం అదే. ఆ వీడియో పోయింది, 2020 జూన్ నెలాఖరులో టిక్‌టాక్ కూడా మన దేశంలో పోయింది. ఆ తరహా ఆలోచన మాత్రం పోలేదు. వాట్సాప్ గుంపుల్లో, రచ్చబండ మీద, మందుల షాపు ముందు, మన వంటింట్లో రోజూ కనబడుతూనే ఉంది.

అదే మందు, అదే విషం

ఉమ్మెత్త గింజలో ఉండే ముఖ్యమైన విషాల్లో ఒకటి అట్రోపిన్. ఆ పేరు వినగానే ఏ ప్రభుత్వాసుపత్రి నర్సయినా తలెత్తి చూస్తుంది. ఎందుకంటే కొన్ని రకాల పురుగుమందు తాగిన మనిషిని అర్ధరాత్రి తీసుకొస్తే ప్రాణం నిలబెట్టే మందు అదే.

ఆ మందు ఎలా ఎక్కిస్తారో దగ్గర నుంచి చూసినవాళ్ళు మరచిపోరు. ఒక సూది పొడిచి వెళ్ళిపోవడం కాదు. డాక్టరు మంచం పక్కనే నిలబడతాడు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా అని వింటాడు. నాడి చూస్తాడు, బీపీ చూస్తాడు, టార్చి వేసి కంటిపాప చూస్తాడు. చాలకపోతే కొన్ని నిమిషాల్లోనే మోతాదు పెంచి మళ్ళీ ఇస్తాడు, మళ్ళీ వింటాడు. ఊపిరి తేటపడే దాకా పెంచుతూ పోవాలి, ఆ గీత దాటితే మళ్ళీ తగ్గించాలి. దాటితే రోగికి ఒళ్ళు కాలిపోతుంది, నోరెండిపోతుంది, గుండె పరుగెత్తుతుంది, మనిషి లేనివాటిని చూస్తూ పలవరిస్తాడు. ఉమ్మెత్త గింజలు తాగినవాళ్ళకు కనబడే లక్షణాలు కూడా సరిగ్గా అవే.

పదార్థం ఒకటే. ఆసుపత్రిలో దాన్ని మందు చేస్తున్నది కొలత, చూపు, కాపలా. ఆలపల్లి గ్లాసులో ఆ మూడూ లేవు. పైగా ఒక చెట్టు గింజలో ఉన్నంత విషం పక్క చెట్టు గింజలో ఉండదు. ఎన్ని గింజలంటే ఎంత విషమో నూరే చేతికి తెలియదు. “ఇది మందు మొక్క” అన్న మాట నిజమే అయినా, అది వాక్యంలో సగమే. ఎంత, ఎవరికి, ఎప్పుడు, ఎవరి కళ్ళ ముందు అన్నది మిగతా సగం. వీడియో మొదటి సగమే చెప్పి ఆగిపోయింది.

మాటలో సగం, సీసాలో సగం, వీడియోలో సగం

ఆలపల్లికి రెండు నెలల ముందే, 2020 ఫిబ్రవరిలో, శ్రీకాళహస్తి దగ్గర తొట్టంబేడు మండలంలో ఇంకా పెద్ద విషాదం జరిగింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కరోనా కేసు కూడా లేదు. మొదటి కేసు మార్చి 12న నెల్లూరులో బయటపడింది. అక్కడి ఒక గ్రామంలో ఒక నడివయసు మనిషి ఒంట్లో బాగాలేక తిరుపతిలో చూపించుకున్నాడు. మామూలు వైరల్ జబ్బేనని చెప్పి పంపారు. ఇంటికొచ్చి ఫోన్లో కరోనా వీడియోలు చూస్తూ కూర్చున్నాడు. తనకూ అదే వచ్చిందని గట్టిగా నమ్మాడు. తన వల్ల ఊరికి అంటుకోకూడదని భార్యాబిడ్డలను, ఊరివాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. చివరికి ప్రాణం తీసుకున్నాడు. ఆయనకు లేని జబ్బు ఆయన్ను చంపింది.

అందరినీ దూరం పెట్టింది పిరికితనంతో కాదు, తన వాళ్ళ మీద ప్రేమతో. “వైరస్” అన్న మాట చెవిన పడింది. వైరస్‌లు వందల రకాలనీ, మామూలు జలుబు కూడా వైరస్ వల్లేననీ విప్పి చెప్పే మనిషి మాత్రం ఆ పూట ఆయన పక్కన లేడు. ఇలా భయం ముదిరినప్పుడు మాట్లాడటానికి ఇప్పుడు 14416 నంబరు ఉంది. టెలిమానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో ఎవరైనా నాలుగు రోజులుగా ఫోన్లో ఒకే జబ్బు గురించి చూస్తూ, తిండి మానేసి మూలన కూర్చుంటే, ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చుని ఆ నంబరుకు చేయించండి.

సీసా సంగతి చూద్దాం. ఆల్కహాల్ వైరస్‌ను చంపుతుంది. ఆ మాట నిజం, చేతి మీద రాసుకున్నంత వరకే నిజం. 2020లో ఇరాన్‌లో ఆ మాట నమ్మి కల్తీ మిథనాల్ తాగి వందల మంది చనిపోయారు. మన రాష్ట్రంలో కారణం వేరు, పొరపాటు మాత్రం అలాంటిదే. మద్యం దొరక్క, “శానిటైజర్‌లోనూ ఉండేది ఆల్కహాలే కదా” అనుకుని అదే ఏడాది జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొద్ది రోజులకే తిరుపతిలోనూ అలాంటి చావులు జరిగాయి. ఆల్కహాల్ అన్నది ఒక్క పదార్థం పేరు కాదు, ఒక కుటుంబం పేరు. అందులో ఒకటి మత్తు ఇస్తుంది, ఇంకొకటి చూపు తీసి ప్రాణం తీస్తుంది. సీసా మీద ఒక్క పదం చదివి కుటుంబమంతా తెలిసిపోయిందనుకుంటే జరిగేది ఇదే.

వీడియో విషయంలో ‘సగం’ అన్న మాట అక్షరాలా నిజం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పుకారు దేశమంతా పాకింది. అప్పుడు ఎక్కువగా తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న బిడ్డను లాక్కుపోతారు. అది పాకిస్తాన్‌లో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో ఆ ఇద్దరూ తిరిగొచ్చి బిడ్డను దించి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించి వదిలారు. ఆ ఏప్రిల్, మే నెలల్లో మన సరిహద్దుకు దగ్గరలో ఉన్న వేలూరు, తిరువణ్ణామలై జిల్లాల్లో జనం కొట్టి చంపిన వాళ్ళున్నారు. పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిందని అరవై అయిదేళ్ళ ముసలమ్మను చంపేశారు. ఆమె కుటుంబంతో గుడికని బయల్దేరిన మనిషి. హైదరాబాద్ పాతబస్తీలోనూ ఒక ప్రాణం పోయింది. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. కట్టడి ఫోనుకు పడింది. చేతికి ఇంకా పడలేదు.

మరి సగం చదువు పనికిరాదా?

ఇక్కడికి వచ్చేసరికి కొందరు అడుగుతారు. “అట్లయితే డాక్టరు చదివినోడు తప్ప ఎవరూ నోరు తెరవకూడదా? మాకు తెలిసింది పదిమందికి చెప్పకూడదా?” న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా హెచ్చరిక రాస్తే, ఆ హెచ్చరిక కూడా సగమే అవుతుంది.

సగం చదువు ప్రాణాలు కాపాడిన సందర్భాలు కోకొల్లలు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి మాట. సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరం నిండిపోయింది. కలరా పాకింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంట సోడా కొలిచి నీళ్ళలో కలిపించి, రోగుల బంధువుల చేతికే గ్లాసులిచ్చి తాగించమన్నారు. అంతకు ముందు నూరుమందిలో ముప్పయి మంది దాకా పోతుంటే, ఆ తర్వాత నలుగురి లోపుకు దిగింది. ఆ తల్లులకు, అన్నలకు కలరా గురించి ఏమీ తెలియదు. చేయాల్సిన ఒక్క పని మాత్రం కొలతతో సహా తెలుసు. చేయి దాటితే ఎవరిని పిలవాలో తెలుసు.

మన ఊళ్ళో ఆశా కార్యకర్త కూడా అంతే. ఆమె డాక్టరు కాదు, కాదని ఆమెకు తెలుసు. ఆమె సంచిలో ఉండే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఆ బన్‌గావ్ గ్లాసుకు మనవరాలు. ఒక పెద్ద ప్యాకెట్‌కు ఒక లీటరు నీళ్ళు. అందులోనూ సగం తెలిస్తే ముప్పే. బిడ్డ ఎక్కువ తాగడంలేదని ప్యాకెట్ మొత్తం ఒక గ్లాసులో కలిపి పట్టేసే తల్లులున్నారు. అప్పుడు ఉప్పు ఎక్కువై బిడ్డకు మేలు బదులు కీడు జరుగుతుంది. ఇంకో మోసం డబ్బాలది. తియ్యటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మూడక్షరాలు రాసి అమ్ముకున్నారు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, సరైన పాళ్ళు లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మూడక్షరాలు చదవడం వచ్చిన ఎందరు తల్లులు ఆ డబ్బాలు కొని బిడ్డలకు పట్టి ఉంటారో ఆలోచించండి.

కాబట్టి సగం తెలియడం తప్పు కాదు. మనలో ఎవరికీ ఏదీ పూర్తిగా తెలియదు. గుండె డాక్టరుకు పంటి నొప్పి వస్తే పంటి డాక్టరు దగ్గరికే పోతాడు. తేడా ఎక్కడుందంటే, మనకు తెలిసిన సగం మనల్ని తెలిసినవాళ్ళ గడప దాకా తీసుకెళ్తోందా, వెళ్ళకుండా ఇంట్లో కూర్చోబెడుతోందా అన్న దగ్గర. తీసుకెళ్ళేది విద్య. కూర్చోబెట్టేది విషం. ఏ సలహా విన్నా ఈ ఒక్క గుర్తుతో జల్లెడ పట్టండి.

పాము కాటు: సగం తెలిసినవాళ్ళ సభ

ఈ జల్లెడ అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యేది పాము కాటు దగ్గర. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాము కాటుతో చనిపోయారని పరిశోధకుల అంచనా. వాటిలో ఎక్కువ భాగం జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వానలు పడి చెనిక్కాయల చేలు పచ్చబడితే, రాత్రిపూట మోటారు వేసి మడికి నీళ్ళు కట్టే రైతు కాలు చీకట్లోనే పడుతుంది.

కాటు పడిన ఇంటి ముందు సభ ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఒకాయన తువ్వాలు తెచ్చి పిక్క మీద బిగించి కడతాడు. ఆయన చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నది అదే. ఇంకొకాయన బ్లేడు తెమ్మంటాడు. సినిమాలో హీరో నోటితో రక్తం పీల్చి ఉమ్మడం ఆయన చూశాడు. మూడో ఆయన మిరపకాయ నమిలిస్తాడు, కారం తెలియకపోతే విషం ఎక్కినట్టట. నాలుగో ఆయన పక్క ఊళ్ళో మంత్రం వేసే మనిషికి ఫోన్ చేస్తాడు. అందరిదీ మంచి మనసే. అందరికీ కొంత కొంత తెలుసు. ఈ లోపల గంట గడిచిపోతుంది.

ఒక్కొక్కటిగా చూద్దాం. బిగించి కట్టడం ఒకప్పుడు పుస్తకాల్లో ఉన్న మాటే. ఇప్పుడు వద్దంటున్నారు. బిగించి కడితే రక్తం ఆడక కాలు కుళ్ళే ప్రమాదం ఉంది, విప్పగానే విషం ఒక్కసారిగా ఒళ్ళంతా పాకే ప్రమాదం ఉంది. ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే దాన్ని కూడా ఇంట్లో విప్పకండి, ఆసుపత్రిలో డాక్టరు చూస్తుండగా విప్పాలి. కోయడం, పీల్చడం అసలే వద్దు. రక్తపింజర విషానికి రక్తం గడ్డకట్టే గుణమే పోతుంది. అలాంటి కాలును బ్లేడుతో కోస్తే నెత్తురు ఆగదు.

మంత్రం పనిచేసిందని చెప్పేవాళ్ళు అబద్ధం ఆడటంలేదు. మన పొలాల్లో ఎక్కువగా కనబడే జెర్రిపోతుకు, నీరుకట్టుకు విషం లేదు. విషపు పాము కూడా ఒక్కోసారి కరిచి విషం వదలదు. ఈ కాట్లన్నిటిలోనూ మంత్రం గెలుస్తుంది. ఓడిపోయిన రోజున ఆ మాట చెప్పడానికి మనిషి ఉండడు.

కట్లపాముది ఇంకో మాయ. రాత్రి చాప మీద పడుకున్న మనిషిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, కోరల గుర్తులు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపు నొప్పి అంటాడు. ఇంట్లోవాళ్ళు వాము నీళ్ళిస్తారు. ఆ తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దయిపోతుంది, చివరికి ఊపిరి ఆడదు. “నొప్పి లేదు కాబట్టి విషం లేదు” అన్న సగం తెలివి ఇక్కడే మనిషిని తినేస్తుంది. నేల మీద పడుకున్నవాళ్ళకు తెల్లవారుజామున కడుపు నొప్పితో పాటు రెప్పలు బరువెక్కితే పాము కాటే అనుకుని పరుగెత్తండి.

ఆసుపత్రిలో ఏం చేస్తారో కూడా తెలుసుకోండి, భయం తగ్గుతుంది. రక్తపింజర అనుమానం ఉంటే కొద్దిగా రక్తం తీసి, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత మెల్లగా వంచుతారు. మామూలు రక్తమైతే జున్ను ముక్కలా గడ్డకట్టి ఉంటుంది. నీళ్ళలా జారితే విషం పనిచేస్తోందని అర్థం, వెంటనే విరుగుడు ఎక్కిస్తారు. ఇంత చిన్న పరీక్ష, ఏ యంత్రమూ అక్కర్లేదు. ఆ ఇరవై నిమిషాలు మన ఇంటి ముందు సభలో ఖర్చయిపోతున్నాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు ఒకటే సూదిమందు. ఏ పామో తెలియకపోయినా వైద్యం ఆగదు. పామును చంపి సంచిలో వేసుకుని రావక్కర్లేదు, దాని వెంట పడి రెండో కాటు తినక్కర్లేదు.

ఇంకో విచిత్రం చెప్పాలి. రక్తపింజరకు ఇంగ్లీషులో పేరు వచ్చింది ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడి వల్ల. ఆయన కొన్నాళ్ళు విశాఖపట్నంలో ఉన్నాడు, కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో పుస్తకం వేశాడు. పాముల పేర్లు మనవాళ్ళను అడిగి రాసుకున్నాడు. ఆయన రాసుకున్న “బంగారం పాము” అన్న మాట నుంచే కట్లపాము జాతికి శాస్త్రంలో బంగారస్ అన్న పేరు స్థిరపడింది. ప్రపంచంలో ఏ మూల కట్లపాము గురించి చదివినా మన తెలుగు మాటే పలకాలి. పేరు పెట్టిన మనమే దాని కాటు గుర్తుపట్టలేక చస్తున్నాం.

చేయాల్సింది నాలుగే పనులు. మనిషిని పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చెక్క దన్ను పెట్టి వదులుగా కట్టండి. 108కి ఫోన్ చేయండి, అది వచ్చేలోగా బండి దొరికితే విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి. ఇదీ సగం చదువే. కానీ ఇది గడప దాకా తీసుకెళ్ళే సగం.

రోజువారీ సగాలు

మిగతావి క్లుప్తంగా చెప్పుకుందాం.

డెంగీలో జ్వరం తగ్గగానే గండం గడిచిందని ఇంటికి తెచ్చేసుకుంటారు. చాలామందికి అసలు గండం జ్వరం తగ్గే రోజుల్లోనే మొదలవుతుంది. తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి నెత్తురు, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనబడినా బొప్పాయి ఆకు రసం నూరుతూ కూర్చోకండి. ఒళ్ళు నొప్పులకని షాపులో సొంతంగా ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటి బిళ్ళలు కొని వేసుకోకండి, డెంగీలో అవి నెత్తురు కారే ముప్పును పెంచుతాయి.

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడి ఇంకా కొందరు పసరు మందుకు పోతున్నారు. ఆ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు, ఇచ్చిన తేదీలన్నీ పూర్తి చేయాలి. పని ఉందనో, కుక్క బాగానే తిరుగుతోందనో రెండు సూదులతో ఆపేయడం సగం గోడ కట్టి దొంగను ఆపాలనుకోవడమే. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడగండి. సున్నం, కారం, పసుపు పెట్టకండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం. ఇక్కడ సగానికి క్షమాపణ లేదు.

తిరుపతికి వచ్చే భక్తులకు ఒక మాట. “నడక గుండెకు మంచిది” అన్నది నిజం. రోజూ నడవని మనిషి, గుండెకు స్టెంటు వేసుకున్న మనిషి ఒక్కసారిగా అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కడం వేరు సంగతి. అరవై దాటినవాళ్ళు, గుండె జబ్బు, ఆస్తమా, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు కాలినడకన రావద్దని టీటీడీయే 2024లో కోరింది. మెట్ల దారిలో 1500వ మెట్టు దగ్గర, గాలిగోపురం దగ్గర, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్య సహాయం ఉంటుంది. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం అనిపిస్తే గ్యాసేలే అనుకుని సోడా తాగి పైకి ఎక్కకండి. అక్కడే కూర్చోండి, పక్కవాళ్ళకు చెప్పండి. మొక్కు స్వామికి చేరడానికి మెట్టు మీద ప్రాణం పెట్టనక్కర్లేదు.

అధికారులకు, పెద్దలకు

జనాన్ని మందలించి ఊరుకుంటే ఈ సంపాదకీయం కూడా చేతులు దులుపుకున్నట్టే. గడప దాకా వెళ్ళమంటున్నాం సరే, గడప తెరిచి ఉండాలి కదా. 2024 మార్చిలో కేంద్రం పాము కాటు మీద జాతీయ కార్యాచరణ ప్రకటించింది, 2030 నాటికి చావులు సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ రోజు పాము విరుగుడు ఎన్ని సీసాలు ఉన్నాయో, రేబిస్ టీకా ఉందో లేదో బయట బోర్డు మీద సుద్దముక్కతో రాయండి. రేషన్ షాపులో బియ్యం నిల్వ రాయగలిగినప్పుడు ఇది రాయలేమా? రాత్రి పదికి అక్కడ ఎవరు ఉంటారో ఆ నంబరు కూడా రాయండి. అర్ధరాత్రి ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపుతుంటేనే జనం మంత్రగాడిని నమ్ముతారు.

పల్లెల్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీలకు ఒక విన్నపం. డాక్టరు లేని ఊళ్ళో అర్ధరాత్రి తలుపు తట్టితే తీసేది మీరే. ఆ గౌరవం మీకు ఉంది. జ్వరమొస్తే స్టెరాయిడ్ సూదితో ఒక్కరోజులో లేపి కూర్చోబెట్టే పేరు మీకు అక్కర్లేదు. “ఇది నా వల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపో నాయనా” అన్న మాట మీ నోటి నుంచి వస్తే ఊరు వింటుంది. ఇంకెవరు చెప్పినా అంత త్వరగా వినదు.

బళ్ళలో అయ్యవార్లకు ఇంకో మాట. పాత పుస్తకంలో కాలికి బిగించి కట్టమని మీరే నేర్పి ఉంటారు. తప్పు మీది కాదు, అప్పటి పుస్తకానిది. అదే పిల్లలకు ఇప్పుడు “ఆ మాట మారింది” అని చెప్పండి. చదువు మారుతుందని, మారినప్పుడు ఒప్పుకోవాలని చెప్పడం కంటే పెద్ద పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక మనం. చేతిలో ఫోనున్న ప్రతి ఒక్కరం. ఆరోగ్యం గురించి ఏదైనా ముందుకు పంపే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది చెప్పింది ఎవరు, పేరు ఊరు ఉన్నాయా? ఎంత మోతాదో, ఎవరు వాడకూడదో ఇందులో ఉందా? ఇది నమ్మితే మనిషి ఆసుపత్రికి పోతాడా, పోకుండా ఆగుతాడా? మూడో ప్రశ్నకు “ఆగుతాడు” అని జవాబు వస్తే, పంపినవాడు అన్నయినా, బావయినా, మేనమామయినా, అక్కడే తుడిచేయండి. “మామా, ఇది సగమే ఉంది, మిగతా సగం కనుక్కుని పంపు” అని తిరిగి రాయండి. మర్యాదకు లోటు రాదు.

ఆలపల్లి వాళ్ళు బతికారు. గింజలు తాగిన తర్వాత ఎవరో ఒకరు “ఇది మనకు తెలియని సంగతి, పదండి ఆసుపత్రికి” అని ఉంటారు, అందుకే బతికారు. ఆ ఒక్క మాట గంట ముందు అని ఉంటే ఆ గ్లాసులే నిండేవి కావు. 108 నంబరు ఇప్పుడే ఇంట్లో గోడ మీద, పిల్లలకూ ముసలివాళ్ళకూ కనబడేంత పెద్ద అంకెల్లో రాసి పెట్టండి.